చెరువు బురద నుంచి సముద్రపు అడుగు దాకా – 4వ పాఠం: పై పొర చెదరకుండా తీయడం

బురదలో బతికే చిన్న చిన్న జంతువులను మైక్రోస్కోప్‌లో చూద్దామని పోయిన పాఠం చదివి బురద తెచ్చుకున్నవాళ్లు చాలామంది ఒకటే మాట చెప్పారు: "సార్, బురద తప్ప ఏం కనిపిస్తలేదు." దేవరకొండ నుంచి ఒక అమ్మాయి రెండు గంటలు మైక్రోస్కోప్ మీద వంగి కూర్చుంటే ఇసుక రేణువులు, కుళ్లిన గడ్డిపోచలు తప్ప ఏమీ దొరకలేదని రాసింది. కదిలే జంతువు ఒక్కటీ లేదట. ఈసారి జంతువులను గుర్తుపట్టడం నేర్పుదామనుకున్నాను. దాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. పట్టుకోనిదాన్ని గుర్తుపట్టేదేముంది?

మీరు పంపిన ఫొటోలు ఒక్కొక్కటే చూశాను. దాదాపు అన్ని డబ్బాల్లోనూ బురద నల్లగా ఉంది. మూత తీయగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చిందని ముగ్గురు రాశారు కూడా. తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడే అర్థమైంది. "చెరువు అంచున బురద తీసుకోండి" అని నేను ఒక్క వాక్యంలో తేల్చేశాను. మీరు చెయ్యి పెట్టి గుప్పెడు తోడుకొచ్చారు. మనకు కావలసిన జంతువులు ఆ గుప్పెడులోకి రాకముందే నీళ్లలో కొట్టుకుపోయాయి.

ఇంకొక పొరపాటు కూడా చెప్పి ముందుకు పోదాం. మిర్యాలగూడ తమ్ముడొకరు "సముద్రంలాగా ఉండాలని" బురదలో ఉప్పు కలిపాడు. చెరువు జీవుల ఒంట్లోని నీళ్లను ఆ ఉప్పు బయటికి గుంజేస్తుంది, అవి చచ్చిపోతాయి. ఉప్పు వద్దు. కుళాయి నీళ్లు కూడా వద్దు, వాటిలో క్లోరిన్ ఉంటుంది. చెరువు నీళ్లనే సన్నబట్టలో వడకట్టి వాడండి.

ఇక అసలు సంగతి.

ఈసారి చెరువుకు పోయినప్పుడు ఒక పని చేయండి. నేను నల్లగొండ దగ్గరి పానగల్లు ఉదయ సముద్రం అంచున చేసి చూపిస్తుంటాను. కృష్ణ నీళ్లు ఎత్తిపోసి నింపే చెరువు అది, పేరులోనే సముద్రం ఉంది. మోకాళ్ల లోతు కూడా లేని చోట నీళ్లు తేటగా ఉంటే అడుగు కనిపిస్తుంది. అడుగున మట్టి మీద లేత గోధుమరంగులో నూగులాంటి పొర ఉంటుంది. మామూలుగా బురద తోడే వేగంతోనే చెయ్యి దించండి. వేలు ఇంకా మట్టికి తగలదు, బెత్తెడు దూరం ఉంటుంది. అప్పుడే ఆ నూగు పొగలాగా లేచి పక్కకు పోతుంది. చెయ్యి కంటే ముందు చెయ్యి తోసిన నీళ్లు అడుగును తాకాయి కాబట్టి అలా జరిగింది. ఆ పొగలోనే మీ జంతువులున్నాయి. మీ గుప్పిట్లోకి వచ్చింది కింది నల్ల మట్టి. ఆ నలుపు ఇనుము, గంధకం కలిసినందువల్ల వచ్చింది. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. ఆక్సిజన్ అందని అలాంటి చోట జంతువులు చాలా తక్కువ.

దీన్ని ఇంత సాగదీసి చెప్పడానికి కారణముంది. సముద్రంలో నాలుగు కిలోమీటర్ల లోతు నుంచి మట్టి తెచ్చే శాస్త్రవేత్తలు కూడా ఏళ్ల తరబడి ఇదే చిక్కులో పడ్డారు. ఓడ మీద నుంచి ఇనుప పెట్టెలాంటి బాక్స్ కోరర్‌ను తాడుతో దించేవారు. అది దిగుతూ దిగుతూ తన ముందున్న నీళ్లను నెట్టేది, ఆ నీటి తోపుకు అడుగున ఉన్న నూగు ఎగిరిపోయేది. పైకొచ్చిన మట్టి చూడ్డానికి బాగానే ఉండేది, జంతువుల లెక్క మాత్రం తక్కువ వచ్చేది. ఈ చిక్కు తప్పించడానికి స్కాట్లాండ్ సముద్ర జీవశాస్త్రవేత్తలు రూపొందించిన మల్టీకోరర్ అనే పరికరం గురించి 1984లో వివరాలు అచ్చయ్యాయి. దాని చట్రం ముందు అడుగున కాళ్లు ఆనించి నిలబడుతుంది. ఆ తర్వాత ప్లాస్టిక్ గొట్టాలు మెల్లగా, చాలా మెల్లగా మట్టిలోకి దిగుతాయి. గొట్టం లోపల మట్టి మీద తేట నీళ్లు, ఆ నీళ్ల కింద చెదరని నూగు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే పైకొస్తాయి. నీళ్లు మురికిగా వస్తే ఆ గొట్టాన్ని పక్కన పెట్టేస్తారు. మీరూ అదే నియమం పెట్టుకోండి.

సముద్రంలో ఆ పై పొర ఎంత విలువైనదో చూడండి. తీరానికి దూరంగా, నాలుగైదు కిలోమీటర్ల లోతున ఉండే మైదానాల్లో మట్టి వెయ్యేళ్లకు కొన్ని మిల్లీమీటర్లే పేరుకుంటుంది. కాకతీయులు ఓరుగల్లును ఏలిన నాటి నుంచి నేటి దాకా అక్కడ పడింది మీ చిటికెన వేలి గోరు వెడల్పు కూడా ఉండదు. అక్కడికి ఎండ రాదు. నీళ్లు ఫ్రిజ్‌లో నీళ్లంత చల్లన. తిండి అంటే పైన బతికి చచ్చిన నాచు, పురుగుల పెంట కలిసి తునకలు తునకలుగా కిందికి రాలేదే. దాన్ని మెరైన్ స్నో అంటారు. దారిలోనే చాలామటుకు తినేయగా మిగిలిన కొంచెమే అడుగుకు చేరుతుంది. చేరిన చోటే, అంటే పై సెంటీమీటరు రెండు సెంటీమీటర్లలోనే, జంతువులు గుమిగూడతాయి.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోండి. మన చెరువులో జంతువులు పైన ఉండేది తిండి కోసమూ, ఆక్సిజన్ కోసమూ. లోతు సముద్రపు మైదానాల్లో మట్టిలోకి ఆక్సిజన్ చాలా కిందిదాకా పోతుంది. తిండి తక్కువ కాబట్టి కుళ్లేదీ తక్కువ, ఆక్సిజన్ ఖర్చూ తక్కువ. అయినా జంతువులు పైనే ఉంటాయి, ఎందుకంటే అన్నం అక్కడే పడుతుంది.

"అంత లోతున ఒత్తిడికి నలిగిపోవా సార్?" అని మీలో కొందరు అడిగారు. ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున, నాలుగు వేల మీటర్ల దగ్గర దాదాపు 400 రెట్లు ఉంటుంది. నలగాలంటే లోపల గాలి ఖాళీ ఉండాలి. వీటి ఒంట్లో గాలి లేదు, నీళ్లే ఉన్నాయి. లోపలా బయటా ఒకటే ఒత్తిడి.

ఇప్పుడు మన పరికరం. మందుల షాపులో కొత్త 20 మిల్లీలీటర్ల సిరంజి, సూది లేకుండా కొనండి. వాడినది ముట్టుకోవద్దు. సూది తొడిగే కొసను హ్యాక్సా బ్లేడుతో గుండ్రంగా కోసేయండి. అది గొట్టమైంది. లోపలి కొలత సుమారు 2 సెంటీమీటర్లు ఉంటుంది, స్కేలుతో మీరే కొలుచుకోండి. నీళ్లలోకి మెల్లగా దించి, కోసిన అంచు మట్టికి ఆనగానే ఆగండి. లోపలి దట్టాను, అంటే మందు ఎక్కించేటప్పుడు నొక్కే పిస్టన్‌ను, మట్టికి ఒక గోరంత పైన ఉంచి, ఒక చేత్తో అక్కడే కదలకుండా పట్టుకోండి. రెండో చేత్తో గొట్టాన్ని మాత్రం కిందికి దింపండి. దట్టా నిలవాలి, గొట్టం దిగాలి. నాలుగు సెంటీమీటర్లు దిగాక కింద బొటనవేలు మూసి పైకి తీయండి.

పైకి తీశాక దట్టా నొక్కితే ముందు బయటికి వచ్చేది అడుగు పొర, చివర వచ్చేది పై పొర. మల్టీకోరర్ గొట్టంలో కింది నుంచి నెడతారు కాబట్టి అక్కడ పై పొర ముందు వస్తుంది, మనకు తలకిందులు. దీన్ని మర్చిపోతే మీ పట్టికంతా తారుమారవుతుంది. ప్రతి సెంటీమీటరుకూ పాత ఏటీఎం కార్డుతో కోసి వేరే వేరే డబ్బాల్లో వేయండి, పేర్లు రాయండి.

జల్లెడ గురించి. ఈ చిన్న జంతువులను మియోఫానా అంటామని మొదటి పాఠంలో చెప్పాను. 1942లో మాలీ మేర్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరది. పెద్ద కన్ను జల్లెడలో జారిపోయి, చిన్న కన్ను జల్లెడలో ఆగేవన్నీ ఈ గుంపే. పై జల్లెడకు చాయ వడగట్టే జాలి చాలు. కింది జల్లెడ కన్ను లోతు సముద్రం వాళ్లకు 32 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మనకు అంత సన్నం అక్కర్లేదు. నేను వాడేది పెళ్లికార్డులు అచ్చువేసే వాళ్ల దగ్గర దొరికే స్క్రీన్ ప్రింటింగ్ బట్ట. సెంటీమీటరుకు 120 దారాలున్నది అడగండి. లెక్క సులువు: సెంటీమీటరును 120తో భాగిస్తే 83 మైక్రాన్లు, అందులో దారం మందం తీసేస్తే కన్ను 45 నుంచి 50 మైక్రాన్లు. ప్లాస్టిక్ గ్లాసు అడుగు కోసి ఆ బట్టను రబ్బరు బ్యాండుతో బిగిస్తే అయిపోయింది. డబ్బులు పెట్టి స్టీలు జల్లెడ కొనాల్సిన పని లేదు.

మట్టిని గ్లాసు నీళ్లలో కలిపి, పది లెక్కపెట్టి, ఇసుక అడుగుకు దిగాక పైతేటను పై జల్లెడ మీదుగా కింది జల్లెడలోకి వంచండి. మళ్లీ నీళ్లు పోయండి. ఇలా నాలుగైదుసార్లు. కింది జల్లెడలో మిగిలినదాన్నే బొట్టు బొట్టుగా మైక్రోస్కోప్ కింద చూడాలి.

బత్తాయి తోటలున్నవాళ్లకు నులిపురుగుల సంగతి తెలుసు. వేళ్లను పట్టి చెట్టును మెల్లమెల్లగా దిగజార్చేవి అవే జాతివి. సముద్రపు అడుగున కూడా ఎక్కడ చూసినా నులిపురుగులే, మియోఫానాలో తరచూ పదింట ఎనిమిది తొమ్మిది అవే. మీ బొట్టులో ఒకటి కనిపిస్తే కాసేపు అలాగే చూడండి. దాని ఒంటికి నిలువు కండరాలే ఉంటాయి, చుట్టుకునే కండరాలు లేవు. అందుకే నీళ్లలో అది అటూ ఇటూ విలవిల కొట్టుకుంటుంది కానీ ముందుకు పోలేదు. ఒక ఇసుక రేణువు తగలనివ్వండి, దానికి ఒళ్లు ఆనించి చల్లగా జారిపోతుంది. రేణువుల మధ్య బతకడానికే పుట్టిన ఒళ్లు అది.

పై పొర మీద నాకు ఇంత పట్టుదల ఎందుకో చెప్తాను. మధ్య హిందూ మహాసముద్రంలో 75 వేల చదరపు కిలోమీటర్ల అడుగులో లోహపు ముద్దలను వెతికే హక్కు మన దేశానికి ఉంది. ఆలుగడ్డల్లా పరుచుకుని ఉండే ఆ ముద్దల్లో మాంగనీసు, నికెల్, రాగి, కోబాల్ట్ ఉంటాయి. వాటిని ఏరాలంటే యంత్రం ఆ పై పొరను గీకాల్సిందే. పసిఫిక్‌లో 1978లో అలా ప్రయోగంగా ఏరిన యంత్రం వదిలిన గాడిని 2004లో పోయి చూశారు. 26 ఏళ్ల తర్వాత కూడా గాడి లోపల నులిపురుగులు చుట్టుపక్కల కంటే తక్కువే, రకాలూ తక్కువే. ఎన్ని తగ్గాయో చెప్పగలిగారంటే, గొట్టంలో పై పొర చెదరకుండా తీసి, సెంటీమీటరు సెంటీమీటరుగా లెక్కపెట్టడం వల్లే.

అభ్యాసం. ఒకే చోట, మూరెడు దూరం దూరంగా మూడు గొట్టాలు తీయండి. ఒక్కోదానిలో పై మూడు సెంటీమీటర్లను మూడు పొరలుగా కోయండి. మొత్తం తొమ్మిది డబ్బాలు. తెచ్చిన రోజే చూడాలి, ఈ ఎండలకు రాత్రి దాకా ఉంచితే చచ్చిపోతాయి. దారిలో డబ్బాలకు తడిబట్ట చుట్టండి. ప్రతి డబ్బాలో నులిపురుగులెన్ని, కాళ్లున్నవెన్ని, గుల్ల ఉన్నవెన్ని, అంతే రాయండి. పేర్లు ఇప్పుడు అవసరం లేదు.

సముద్రం వాళ్లు లెక్కను 10 చదరపు సెంటీమీటర్లకు చెప్తారు. 2 సెంటీమీటర్ల గొట్టం నోరు 3.14 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి మీ సంఖ్యను 3.18తో గుణించండి. ఒక పొరలో 40 వచ్చాయనుకోండి, 127 అని రాయాలి.

తొమ్మిదీ అయ్యాక పదోది కావాలనే తప్పుగా తీయండి. పోయినసారిలాగే చేత్తో గుప్పెడు తోడి, అందులో ఒక సిరంజి గొట్టం ఒక సెంటీమీటరు మేర నిండేంత, అంటే 3 మిల్లీలీటర్ల మట్టిని అదే పద్ధతిలో జల్లించి లెక్కపెట్టండి. ఆ సంఖ్యను మీ పై పొర సంఖ్య పక్కనే రాసి పంపండి. చిన్నపిల్లలైతే చెరువు అంచుకు ఇంట్లో పెద్దవాళ్లను తోడు తీసుకునే వెళ్లాలి.