హీటర్ కొనే ముందు ప్లగ్ పాయింట్ చూసుకోండి

ఆదిలాబాద్‌లో డిసెంబర్ వచ్చిందంటే రాత్రి చలి పది డిగ్రీల కిందికి దిగిపోతుంది. అమ్మ గదికి 2000 వాట్ల బ్లోయర్ హీటర్ తెచ్చాను. దాని ప్లగ్ లావు పిన్నులది, మంచం పక్కనున్నది చిన్న పాయింట్. కన్వర్టర్ ప్లగ్ ఒకటి తగిలించి వాడేశాం. నాలుగో రాత్రి "ఏదో కాలిన వాసనొస్తుంది, చూడు బిడ్డా" అని అమ్మ పిలిచింది. స్విచ్ ఆపి పీకి చూస్తే, కన్వర్టర్ గోధుమ రంగుకు తిరిగి, ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కరిగి బుడగలు కట్టి ఉంది. హీటర్‌కు మాత్రం ఏమీ కాలేదు.

అందుకే చెబుతున్నా, ముందు గోడ చూడండి. 2000 వాట్ల హీటర్ దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. మామూలు చిన్న పాయింట్ 6 ఆంపియర్లకే. ఎక్స్‌టెన్షన్ బాక్సులూ ఎక్కువ శాతం అంతే. పెద్ద హీటర్‌ను ఏసీకో గీజర్‌కో వేయించే 16 ఆంపియర్ల పవర్ పాయింట్‌కే నేరుగా పెట్టాలి. అది లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో వేయించుకోండి. మందం వైరు మెయిన్ బోర్డు నుంచి విడిగా లాగమనండి, పాయింట్ ఒక్కటే మారిస్తే సరిపోదు. అంత ఖర్చు ఇప్పుడు వద్దనుకుంటే 800, 1000 వాట్ల హీటర్‌తో సర్దుకోండి. పెట్టిన అరగంటకు స్విచ్ ఆపి ప్లగ్‌ను ముట్టుకు చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే ఆ పాయింట్ వాడొద్దు.

ఇక ఏ హీటర్ అంటే, పడకగదికి నా ఓటు ఆయిల్ హీటర్‌కే. ధర ఎక్కువ, వేడెక్కడానికి సమయం పడుతుంది. కానీ ఎర్రగా కాలే తీగ బయటికి కనిపించదు, చప్పుడు ఉండదు, వేడిని బట్టి థర్మోస్టాట్ దానంతటదే ఆపి మళ్లీ వేస్తుంది. లోపలి నూనె ఖర్చయ్యేది కాదు, మళ్లీ పోయాల్సిన పని లేదు. బ్లోయర్ చిన్న గదిని త్వరగా వేడి చేస్తుంది, పడుకునే ముందు అరగంటకు బాగుంటుంది. ఎర్రగా వెలిగే గొట్టాలుండే హాలోజన్ హీటర్ చవక, కానీ ఎదురుగా కూర్చున్నవాళ్లకే వేడి. చిన్నపిల్లలున్న ఇంట్లో అది నాకు నచ్చదు. ఏది కొన్నా ఐఎస్ఐ గుర్తు, పక్కకు పడితే ఆగిపోయే స్విచ్, బాగా వేడెక్కితే ఆగిపోయే ఏర్పాటు ఉన్నాయా అని అడగండి. కరెంటు బిల్లు లెక్క కూడా వేసుకోండి. 2000 వాట్లది ఆగకుండా గంట నడిస్తే 2 యూనిట్లు.

హీటర్‌కు, పరుపు, కర్టెన్, దుప్పట్లకు మధ్య మూడడుగులైనా ఉండాలి. తడి బట్టలు దాని మీద ఆరేయొద్దు. ఈ సీజన్‌లో అందరికీ ఆ ఆశ పుడుతుంది. బాత్రూంలోకి తీసుకెళ్లొద్దు. వైరును చాప కింద నుంచి లాగొద్దు. నిద్రపోయే ముందు హీటర్ ఆపి రగ్గు కప్పుకోండి.

హీటర్ గదిలో ఆక్సిజన్ తినేస్తుందని చాలామంది భయపడతారు. కరెంటు హీటర్ దేన్నీ మండించదు కాబట్టి ఆ భయం అక్కర్లేదు. గాలి పొడిబారి గొంతు, పెదవులు ఎండుతాయి, అంతే. అసలు ప్రాణాలు తీసేది బొగ్గుల కుంపటి. తలుపులు మూసిన గదిలో బొగ్గులు మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు. పొగ రావట్లేదు కదా అని, నిప్పులు బూడిద కప్పాయి కదా అని లోపల పెట్టుకోవద్దు. తల బరువెక్కి వాంతి వచ్చేలా ఉంటే వెంటనే అందర్నీ బయటికి తీసుకొచ్చి 108కి ఫోన్ చేయండి.

షుగర్ ఉన్న పెద్దవాళ్ల విషయం విడిగా చెప్పాలి. పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లకు కాలు కాలుతున్నా తెలియదు. మా అమ్మ కూడా హీటర్ దగ్గరికి కాళ్లు చాపుకునేది. ఇప్పుడు సాక్సులు తొడిగి, హీటర్‌ను ఆమె కాలు అందనంత దూరంలో పెడుతున్నాం. పొద్దున లేవగానే పాదాలు ఒకసారి తిప్పి చూస్తాను.