విశాఖలో కాపురం పెట్టదలచినవారు ఇల్లు వెతికే ముందు తేల్చుకోవలసినవి

విశాఖపట్నం వచ్చేద్దామనుకుంటున్నాం, ఏ పేటలో ఇల్లు చూడమంటారు అని శ్రీకాకుళం జిల్లాలోని మా ఊరివారు నన్ను తరచుగా అడుగుతుంటారు. ఎందుకు వస్తున్నారని నేను తిరిగి అడిగితే, చాలామంది కాసేపు ఆలోచించి, ఇక్కడ ఏముందండీ, అక్కడైతే ఏదో ఒకటి దొరుకుతుంది అంటారు. ఆ జవాబులో నిజం ఉంది. అయితే ఆ ‘ఏదో ఒకటి’ ఏమిటో విడదీసి చూసుకోకుండా వచ్చినవారు, ఊళ్లో ఉన్న నీడ వదులుకుని, ఇక్కడ బస్సుల్లోనే సగం బతుకు గడపడం నేను కళ్లారా చూశాను.

మనుషులు ఇంత ఇరుకును, ఇంత ఉక్కను భరించి నగరంలో ఎందుకుంటారో ముందుగా అర్థం చేసుకోవాలి. 1933లో ఓడరేవు మొదలైంది. 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడింది, 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది, ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని జనం పోరాడిన తరవాత 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా చుట్టుపక్కల జిల్లాల నుంచి మనుషులు వచ్చారు. వారితోపాటు వారికి టీ కాచేవారు, బట్టలు కుట్టేవారు, వారి పిల్లలకు ట్యూషన్ చెప్పేవారు వచ్చారు. 2011 జనాభా లెక్కల నాటికే మహా విశాఖ నగరపాలక సంస్థ పరిధిలో 17 లక్షలకు పైగా జనం ఉన్నారు. ఇంతమంది ఒకచోట ఉండటం వల్ల కలిగే అసలు మేలు, నా అనుభవంలో, రెండో దారి. ఒక పని పోతే ఇల్లు మారకుండానే మరొక పని వెతుక్కోవచ్చు, ఒక వైద్యుడి మాట మీద అనుమానం కలిగితే మరొకరి దగ్గరకు వెళ్లవచ్చు. నేను పనిచేసిన ఒక చిన్న కార్ఖానా మూతపడినప్పుడు, మూడు వారాలు తిరగకుండానే గాజువాక ఆటోనగర్‌లో మరో చోట చేరాను. పిల్లల బడి మారలేదు, ఇల్లు మారలేదు. మా ఊళ్లోనే ఉండి ఉంటే కుటుంబమంతా మూట కట్టుకోవలసి వచ్చేది.

మా పిన్ని కూతురి సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఆమె కంచరపాలెంలో ఇంటి వరండాలోనే ఒక కుట్టుమిషను పెట్టుకుని చీరలకు ఫాల్ కుట్టడం, పికో చేయడం, కొంగుకు కుచ్చులు కట్టడం మాత్రమే చేస్తుంది. కొయ్యకు తగిలించిన దారపు కండెల్లో ఆకుపచ్చవే పదిపన్నెండు ఛాయలుంటాయి. తెచ్చిన చీర అంచు పక్కన కండె పెట్టి చూసి, కలిసిన రంగు ఎంచుకుని, సాయంత్రానికి ఇచ్చేస్తుంది. మా ఊళ్లో ఈ పనికి ఏడాదిలో రెండు పెళ్లిళ్ల సీజన్లే ఆధారం. ఇక్కడ రోజూ ఎవరో ఒకరు కొత్త చీర కొంటూనే ఉంటారు గనుక, ఇంత చిన్న పని కూడా ఒక ఇంటిని నడుపుతోంది. రద్దీ అని మనం విసుక్కునేది ఆమెకు బేరం.

కాబట్టి మొదట ఒక కాగితం తీసుకుని, ఇంట్లో ఒక్కొక్కరి పేరు రాసి, వారు దేని కోసం వస్తున్నారో ఎదురుగా రాయండి. దాని పక్కనే, అది కుదరకపోతే రెండోది ఏమిటో కూడా రాయండి. వెల్డింగు తెలిసినవారికి ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు పని మొదటిదైతే, ఆటోనగర్, పరవాడ, అచ్యుతాపురం వంటి కార్ఖానాల ప్రాంతాలు రెండోవి కావచ్చు. డిగ్రీ చదవబోయే అమ్మాయికి 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది, దానికి తోడు ఎన్నో ప్రైవేటు కళాశాలలున్నాయి. దీర్ఘవ్యాధి ఉన్న పెద్దవారికి, ఉత్తరాంధ్ర అంతటి నుంచీ ఒడిశా నుంచీ రోగులు వచ్చే పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి కె.జి.హెచ్. (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఎంత దూరమన్నదే పెద్ద లెక్క. ఎవరి పేరు ఎదుట రెండో గడి ఖాళీగా ఉందో, వారి విషయంలో తొందరపడకండి. అన్ని పేర్ల ఎదుటా సముద్రం, సినిమాలు, షాపింగ్ అనే మాటలే వచ్చాయంటే, నెలకు రెండు రోజులు వచ్చి వెళితే సరిపోతుంది.

తరవాత పటం ముందు పెట్టుకోండి. ఈ నగరం గుండ్రంగా పెరగలేదు. ఒకవైపు సముద్రం, మధ్యలో కొండలు ఉండటం వల్ల జాతీయ రహదారిని పట్టుకుని పొడుగ్గా సాగింది. గాజువాక నుంచి మధురవాడకు ఇంచుమించు పాతిక కిలోమీటర్లు, దారిలో ఎన్.ఎ.డి. కూడలి, మద్దిలపాలెం దాటాలి. భర్తకు కూర్మన్నపాలెం వైపు పని, భార్యకు రుషికొండ ఐటీ కొండ మీద ఉద్యోగం అయితే, ఏ చివర ఇల్లు తీసుకున్నా ఒకరికి అన్యాయమే జరుగుతుంది. అటువంటివారికి నేను మర్రిపాలెం, కంచరపాలెం, అక్కయ్యపాలెం వంటి నడిమి పేటలే చెబుతాను. అదే అద్దెకు మధురవాడ అవతల ఇంకొక గది ఎక్కువ రావచ్చు. కానీ రెండో దారి రెండు వైపులా అందుబాటులో ఉండాలంటే మధ్యలో ఉండటమే మేలని నా గట్టి అభిప్రాయం.

పేట అనుకున్నాక, సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు అక్కడి నుంచి పనిచోటికి సిటీ బస్సులోనో షేర్ ఆటోలోనో వెళ్లి చూడండి. ఇల్లు చూపించేవారు ఆదివారం బండి మీద తిప్పి, పది నిమిషాల దారి అంటారు. మీరు సోమవారం వెళ్లిన సమయాన్నే లెక్కలోకి తీసుకోండి.

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు గదుల కొలతల కన్నా ముందు చూడవలసినవి ఇక్కడ కొన్ని ఉన్నాయి. దక్షిణాన యారాడ కొండ, ఉత్తరాన కైలాసగిరి వరస ఉండి మధ్య నగరం గిన్నెలా ఉంటుంది గనుక, లేచిన ధూళి తొందరగా వదిలిపోదు. పాత పట్నం, మల్కాపురం, కాన్వెంట్ కూడలి చుట్టుపక్కల ఇల్లు చూసేటప్పుడు కిటికీ గట్టు మీద వేలితో గీసి చూడండి. వేలు మట్టిరంగులోకి కాకుండా నల్లగా మారితే అది ఓడరేవు నుంచి వచ్చే బొగ్గు ధూళి కావచ్చు. ఆయాసం ఉన్నవారు, పసిపిల్లలు ఉన్న ఇంట్లో దాన్ని తేలికగా తీసుకోకూడదు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో గాలి హాయిగా ఉంటుంది, కానీ అందులోని ఉప్పు ఇనుమును తినేస్తుంది. గేటు బందులు, కిటికీ ఊచల అడుగు భాగం, స్లాబు కింద పెచ్చులూడి బయటపడిన చువ్వలు చూస్తే ఆ కట్టడం వయసు యజమాని చెప్పకుండానే తెలుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు రేకుల కప్పులు, అద్దాల ముఖద్వారాలు ఏమయ్యాయో ఆ వీధివారినే అడగండి.

పక్కన ఏ కర్మాగారం ఉందో, అందులో ఏం నిల్వ చేస్తారో కనుక్కోవడానికి మొహమాటపడకండి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే విషరసాయనపు ఆవిరి ఇళ్ల మీదికి వచ్చినప్పుడు జనం నిద్రలో ఉన్నారు, కొందరు ప్రాణాలు కోల్పోయారు. అద్దె తక్కువని గోడ పక్కన ఉండవద్దని అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నీళ్ల విషయంలో కుళాయి ఉందా అని అడిగితే చాలదు. మేఘాద్రి గెడ్డ, రైవాడ, తాటిపూడి వంటి జలాశయాల మీద ఆధారపడిన నగరం ఇది; వేసవిలో ఏ వేళకు, ఎంతసేపు వస్తాయో, ట్యాంకరు ఎప్పుడైనా పిలిపించారా అనేది పై వాటాలో అద్దెకుంటున్న ఇల్లాలిని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. కొండవాలు మీది ఇళ్లలో మెట్లు కూడా లెక్కపెట్టుకోండి, నీళ్లు రాని రోజు బిందెతో ఎక్కవలసింది ఆ మెట్లే.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. అద్దెకు నెలవారీ ప్రయాణపు ఖర్చును కలిపి రెండు ఇళ్లను పోల్చండి, అడ్వాన్సు ఎప్పుడు, ఎంత తిరిగి ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. కూరగాయలకు రైతుబజారు, వెచ్చాలకు పూర్ణా మార్కెట్ అందుబాటులో ఉంటే మిగులుతుంది.

మనుషుల గురించి మాత్రం ఇంకొంచెం చెప్పాలి. ఇల్లు అద్దెకిచ్చేవారు మీరేవిట్లు అని కులం అడగడం ఇక్కడా ఉంది. అది మనసుకు కష్టంగానే ఉంటుంది. అయినా భర్త నుంచి విడిపోయి వచ్చిన ఒక అక్కకు మేము ఇల్లు చూసినప్పుడు, నాలుగు ఇళ్లవారు కాదన్నా అయిదో ఇల్లు దొరికింది, ఆ తరవాత ఆమె ఏ వేళకు పని నుంచి వస్తోందో ఆరా తీసినవారు లేరు. ఊళ్లో ఆమె గడప దాటితే రచ్చబండ దాకా మాట వెళ్లేది. ఎవరికీ పట్టకపోవడం నగరపు లోపమంటారు, ఆమెకు మాత్రం ఊపిరి ఆడింది ఇక్కడికి వచ్చాకనే. అయితే అర్ధరాత్రి జ్వరం వస్తే తలుపు తట్టడానికి ఒక ఇల్లు కావాలి. అందుకే చేరిన మొదటి వారంలోనే పక్క వాటావారికి ఊరి నుంచి తెచ్చిన జీడిపప్పో బెల్లమో ఇచ్చి పరిచయం చేసుకోండి, వారి ఫోను నంబరు గోడ మీద రాసుకోండి.

చివరగా, ఊళ్లో ఇల్లు అమ్మి రాకండి, కనీసం ఏడాదిపాటు తాళం వేసి ఉంచండి. ఇంట్లో ఒక్కరు ముందుగా వచ్చి, తెలిసినవారింట్లోనో హాస్టల్‌లోనో నెల రోజులుండి, కాగితం మీద రాసుకున్న మొదటి గడి, రెండో గడి రెండూ నిజంగా తిరిగి చూడాలి. మార్చిలో వస్తే ఏప్రిల్ ఎండల్లో నీళ్ల సంగతి తెలుస్తుంది, జూన్‌లో బడులు తెరిచేలోగా పిల్లల చేరికలు చూసుకోవచ్చు. ఆ తరవాతే సామాను లారీ మాట్లాడుకోండి.