టెక్సాస్ బావ తూటాల ప్రెస్ గోల ఆటోనగర్ నుంచి సెట్ చేశా

మన దగ్గర లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేస్తే ఆయుధాల చట్టం, 1959 ఊరుకోదు, అందుకే ముందే చెప్తున్నా, ఇది వైజాగ్‌లో జరిగింది కాదు, టెక్సాస్‌లో ఉండే మా బావది. నాది గాజువాక ఆటోనగర్‌లో లేత్ షాపు, బేరింగులు ప్రెస్ చేయడం రోజూ ఉన్న పనే.

బావ కాల్చేసిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాల్ని (కేసులు) చేతి ప్రెస్‌లో నొక్కి మళ్ళీ తూటాలు చేసుకుంటాడు. .338 లపువా అనే రైఫిల్ తూటా కేసుల్ని ఫుల్ లెంగ్త్ సైజింగ్ (మొత్తం పొడవునా మళ్ళీ సరైన కొలతకి నొక్కడం) చేస్తుంటే హ్యాండిల్ బిగుసుకుపోతోందంట, పైగా కేసు రైఫిల్లో టైట్‌గా కూర్చుంటోందంట. వీడియో కాల్‌లో చూపించమన్నా. "బావా, హ్యాండిల్ వదిలెయ్, ఫ్రేము చూడు" అన్నా. అల్యూమినియం సీ ఫ్రేమ్ (ఒక పక్క తెరిచి ఉండేది), లోడ్ పడగానే నోరు తెరుస్తోంది, కేసుని నొక్కే అచ్చు, అదే డైకీ, కేసు అడుగుని పట్టుకునే షెల్ హోల్డర్‌కీ మధ్య సన్నగా వెలుతురు! ఇంక కేసు భుజం (మెడ కింద వాలుగా ఉండే భాగం) వెనక్కి ఎలా వెళ్తుంది చెప్పండి.

క్యాస్ట్ ఐరన్ ఓ ఫ్రేమ్ (చుట్టూ మూసి ఉండేది), సింగిల్ స్టేజ్ (ఒకసారికి ఒకే పని చేసే ప్రెస్) తీసుకోమన్నా. ఆయన మనసు ప్రోగ్రెసివ్ (ఒక్క హ్యాండిల్ లాగుడికి చాలా పనులు చేసే ప్రెస్) మీద ఉంది గానీ నెలకి నాలుగు డబ్బాలు కాల్చేవాడికి అదెందుకండీ. కేసే 69 మిల్లీమీటర్లు, బుల్లెట్‌తో 93 దాటుతుంది, అందుకని ముందు ప్రెస్ విండో (కేసు పెట్టే ఖాళీ) ఎత్తు కొలవమన్నా. డై మామూలు 7/8-14 త్రెడ్డే (7/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 14 మరలు), ఇంకా పెద్దదైన ఫిఫ్టీ బీఎంజీ తూటాకైతే అది చాలదు, పెద్ద త్రెడ్ ఉన్న ప్రెస్ కావాలి.

కొత్త ప్రెస్ కోసం బల్లకి అడుగున స్టీల్ ప్లేటు వేసి బోల్టులు బిగించాడు. లూబ్ (జారడానికి రాసే జిడ్డు) కేసు ఒంటికి పల్చగా రాయాలి, భుజం మీద ఎక్కువైతే సొట్టలు పడతాయి. ఇప్పుడు హ్యాండిల్ ఒంటిచేత్తో దిగుతోంది.