కట్టెల స్టవ్ కొంటున్నారా? ముందు గది కొలవండి

మొన్న ఇక్కడ ఇంగ్లండ్‌లో, మా పక్క ఊళ్లో ఒక తెలుగువాళ్ల ఇంట్లో పొగగొట్టం అంటుకుంది. మనుషులకి ఏమీ కాలేదు. అటక మాత్రం ఒక పక్క కాలిపోయింది, ఫైర్ ఇంజన్ వచ్చేసరికి వీధి వీధంతా బయట నిలబడి ఉంది. వాట్సాప్ గ్రూపుల్లో రెండు రోజులు ఇదే చర్చ. "చవకరకం కొనుంటారు", "లైసెన్స్ లేనివాడితో పెట్టించుంటారు" అని తలా ఒక మాట అన్నారు. రెండూ తప్పే. గది వేడి కోసం పెట్టుకున్న ఆ కట్టెల స్టవ్ కొత్తది, పేరున్న కంపెనీది, స్మోక్ కంట్రోల్ ఏరియాలో (పొగ మీద ఆంక్షలున్న ప్రాంతంలో) వాడొచ్చని డెఫ్రా (ప్రభుత్వ పర్యావరణ శాఖ) లిస్టులో ఉన్నదే. పెట్టినవాడు రిజిస్టర్డ్ ఇన్‌స్టాలరే.

అసలు తప్పు వేరే ఉంది. పన్నెండు అడుగులకి పద్నాలుగు అడుగుల గదిలో 8 కిలోవాట్ల స్టవ్ పెట్టారు. ఉక్కపోస్తుంటే గాలి బాగా తగ్గించి మంటని అణచడం మొదలుపెట్టారు. అంతకంటే తగ్గకుండా కంపెనీ ఒక స్క్రూ బిగించి ఉంటే, దాన్ని కూడా తీసేశారు. అలా ఒక చలికాలం గడిచేసరికి గొట్టం లోపల తారు పేరుకుపోయింది. రెండో చలికాలం మొదట్లో అది అంటుకుంది.

ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లు చాలామంది ఈ మధ్య పాత టెర్రస్ ఇళ్లు (వరసగా గోడకి గోడ కలిపి కట్టినవి), సెమీలు (రెండేసి ఇళ్లు ఒక గోడ పంచుకునేవి) కొంటున్నారు. గ్యాస్ బిల్లు చూసి, హాల్లో ఉన్న పాత ఫైర్‌ప్లేస్ చూసి, కట్టెల స్టవ్ మీద మనసు పడుతోంది. అక్టోబర్ చివర్లో చలికాలానికి గడియారాలు గంట వెనక్కి తిప్పాక ఈ ఆలోచన మరీ ఎక్కువవుతుంది. వీళ్లలో పెద్ద స్టవ్ కొని, తర్వాత గాలి మూసి, ఇబ్బంది పడ్డవాళ్లనే నేను ఎక్కువగా చూశాను. అందుకే ఇందులో ఆ విషయమే పదేపదే వస్తుంది. విసుగనిపించినా చదవండి.

ఇంకో మాట ముందే చెప్తాను. ఇంట్లో పిల్లలకి గానీ పెద్దలకి గానీ ఆస్తమా ఉంటే ఈ ఆలోచన మానేయండి. ఎంత మంచి స్టవ్ అయినా తలుపు తీసిన ప్రతిసారీ సన్నటి పొగ కణాలు గదిలోకి వస్తాయి. రేడియేటర్లు (గది వేడిచేసే గోడ హీటర్లు) ఉన్న ఇంట్లో స్టవ్ సరదా తప్ప అవసరం కాదు.

లిస్టు గురించి

1952 డిసెంబర్‌లో లండన్‌ని పొగమంచు ఐదు రోజులు కమ్మేసి వేలమంది చనిపోయాక, 1956లో క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది. ఇప్పుడు అమల్లో ఉన్నది 1993 నాటిది. స్మోక్ కంట్రోల్ ఏరియాలు ఈ చట్టం కిందే ఉన్నాయి. లండన్‌లో చాలా భాగం, బర్మింగ్‌హామ్, మాంచెస్టర్, లీడ్స్ లాంటి పెద్ద ఊళ్లు వీటిలోకి వస్తాయి. మీ ఇల్లు వస్తుందో లేదో కౌన్సిల్ (మీ ఊరి మునిసిపాలిటీ) వెబ్‌సైట్‌లో చూసుకోండి.

ఈ ఏరియాల్లో మామూలు ఫైర్‌ప్లేస్‌లో కట్టెలు కాల్చకూడదు, అనుమతి ఉన్న పొగరాని ఇంధనం మాత్రమే వాడాలి. కట్టెలు కాల్చాలంటే స్టవ్ డెఫ్రా మినహాయింపు లిస్టులో ఉండాలి. "ఎకోడిజైన్ ఉంది సార్, చాలు" అని షాపులో చెప్తారు. చాలదు. ఎకోడిజైన్ అనేది 2022 జనవరి 1 నుంచి కొత్తగా మార్కెట్లోకి వచ్చే స్టవ్‌లన్నిటికీ ఉండాల్సిన ప్రమాణం, మినహాయింపు దానికి సంబంధం లేని వేరే విషయం. మీరు కొనేదానికి రెండూ ఉండాలి. మోడల్ పేరూ నంబరూ లిస్టులో అచ్చంగా అలాగే ఉన్నాయో లేదో మీరే చూడండి. ఒకే పేరుతో రెండు సైజులుంటే ఒకటి లిస్టులో ఉండి, రెండోది లేకపోవచ్చు.

మినహాయింపు ఉందని ధీమాగా ఉండకండి. కంపెనీ చెప్పిన పద్ధతిలో, చెప్పిన కట్టెలు వాడినంతవరకే అది చెల్లుతుంది. గొట్టంలోంచి పొగ కక్కితే ఇంగ్లండ్‌లో కౌన్సిల్ 175 నుంచి 300 పౌండ్ల దాకా ఫైన్ వేయొచ్చు. ఆ స్క్రూ తీసిన రోజే మీ మినహాయింపు పోయినట్టు లెక్క.

కిలోవాట్ల గురించి

గది పొడవు, వెడల్పు, ఎత్తు మీటర్లలో కొలిచి గుణించండి. వచ్చినదాన్ని 14తో భాగించండి. మామూలుగా ఇన్సులేషన్ ఉన్న ఇంటికి సుమారుగా అన్ని కిలోవాట్లు సరిపోతాయి. ఐదు మీటర్లకి నాలుగు మీటర్లు, ఎత్తు 2.4 మీటర్లు ఉన్న హాలు తీసుకోండి. 48 క్యూబిక్ మీటర్లు, అంటే మూడున్నర కిలోవాట్లు కూడా పట్టదు. గోడలూ అటకా బాగా ఇన్సులేట్ చేసిన ఇల్లైతే ఇంకా తక్కువ చాలు. పైన చెప్పిన ఆ ఇంట్లో గదికి మూడు కిలోవాట్లు కూడా అక్కర్లేదు, పెట్టింది ఎనిమిది.

మనవాళ్లు పెద్దది ఎందుకు కొంటారో నాకు తెలుసు. ఒకటి, "ఎటూ పెడుతున్నాం, ఇల్లంతా వేడెక్కాలి కదా" అని. మామూలు స్టవ్ తనున్న గదిని వేడిచేస్తుంది. తలుపు తెరిచి ఉంచితే మెట్ల మీదికి కొంచెం పోతుంది, అంతే. రెండు, ధరలో పెద్ద తేడా ఉండదు. మూడు, షోరూంలో చిన్నది బొమ్మలా కనిపిస్తుంది. ఇద్దరి కోసం పెళ్లి గుండిగ ఎక్కించినట్టుంటుంది వ్యవహారం.

పెద్ద స్టవ్‌ని చిన్న మంటతో నడపొచ్చు కదా అంటారు. నడపలేం. కట్టె వేడెక్కగానే దానిలోంచి వాయువులు బయటికొస్తాయి. మనకి మంటగా కనిపించేది ఆ వాయువులు మండటమే. అవి పూర్తిగా మండాలంటే లోపల బాగా వేడి ఉండాలి, సరిపడా గాలి అందాలి. గాలి తగ్గిస్తే మంట పడిపోతుంది కానీ కట్టె వాయువు వదలడం ఆపదు. ఆ మండని వాయువే పొగగా పైకి పోతుంది, చల్లబడిన గొట్టం గోడలకి తారుగా అంటుకుంటుంది. బయట పక్కింటివాళ్ల ముక్కులోకి పోయేదీ, మీకు ఫైన్ తెచ్చేదీ, చివరికి అంటుకునేదీ అదే. పొగ తక్కువని ల్యాబ్‌లో ఇచ్చిన సర్టిఫికెట్ ఎండు కట్టెకీ, సరైన గాలికీ ఇచ్చింది. మీ హాల్లో అణగదొక్కిన మంటకి కాదు.

అందుకే చిన్నది కొనండి. చిన్న స్టవ్‌లో చురుగ్గా మండే మంట, పెద్ద స్టవ్‌లో మూలిగే మంటకన్నా వేడీ ఎక్కువిస్తుంది, పొగా తక్కువిస్తుంది. డిసెంబర్ చివర్లో నాలుగు రోజులు వేడి చాలకపోతే రేడియేటర్ ఆన్ చేసుకోండి.

షాపులో ఎక్కడ చూసినా 5 కిలోవాట్లవే ఎందుకుంటాయంటే, 5 దాటితే గదిలోకి ఎప్పుడూ తెరిచి ఉండే గాలి రంధ్రం పెట్టాలని బిల్డింగ్ రెగ్యులేషన్స్ చెప్తాయి. పాత ఇళ్లలో 5 దాకా ఆ గొడవ లేదు కాబట్టి అవే అమ్ముడుపోతాయి, మీ గదికి సరిపోతాయని కాదు. ఈమధ్య కట్టిన, గాలి చొరబడని ఇళ్లకైతే 5 లోపు స్టవ్‌కి కూడా రంధ్రం కావాలి.

కట్టెల గురించి

ఇది క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే దీని గురించి అందరూ చెప్తారు. తేమ 20 శాతం లోపు ఉండాలి. 2021 మే నుంచి ఇంగ్లండ్‌లో చిన్న మొత్తాల్లో, అంటే రెండు క్యూబిక్ మీటర్ల లోపు, అమ్మే కట్టెలన్నీ అలాగే ఉండాలి. 'రెడీ టు బర్న్' గుర్తు చూడండి. లారీలో టోకుగా తెప్పించుకుంటే పచ్చివి కూడా రావొచ్చు, వాటిని ఆరబెట్టుకోవడం మీ పని. గట్టి చెక్కకి రెండేళ్లు కూడా పడుతుంది. తేమ మీటర్ పెట్టి కట్టె బయట కొలిస్తే ఎప్పుడూ మంచి అంకే వస్తుంది. చీల్చి, లోపలి భాగంలో కొలవండి.

ఇక మిగతావి

గాలి మూయకండి. రాత్రి పడుకునే ముందు కట్టెలు నింపి, గాలి తగ్గించి, తెల్లారేదాకా నిప్పు ఉంచాలని చూడకండి. మన ఊళ్లలో నివురు కప్పి నిప్పు కాపాడేవాళ్లు, కానీ అక్కడ పొయ్యి ఉన్నది పెరట్లోనో, పెంకుల సందుల్లోంచి గాలాడే వంటింట్లోనో. ఇక్కడ కిటికీలన్నీ డబుల్ గ్లేజింగ్ (రెండు పొరల అద్దం), గాలాడదు.

అద్దం నల్లబడుతోందంటే గాలి చాలడం లేదు, లేదా కట్టె పచ్చిగా ఉంది. అద్దం తుడిచి ఊరుకోకండి.

గోడలో ఉన్న గాలి రంధ్రానికి గుడ్డలు కుక్కకండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు "చలి గాలి వస్తోంది" అని ప్రేమగా పాత తువ్వాలు కుక్కేస్తారు. వాళ్లకి ముందే చెప్పండి.

వంటింటి ఎక్స్‌ట్రాక్టర్ సంగతి ఇన్‌స్టాలర్‌కి తప్పకుండా చెప్పండి. మనం పోపుకీ వేపుడుకీ దాన్ని ఫుల్ స్పీడులో పెడతాం. వంటిల్లూ హాలూ కలిసి ఉన్న ఇంట్లో ఆ ఫ్యాన్ స్టవ్ పొగని గొట్టంలోంచి వెనక్కి గదిలోకి లాగుతుంది. ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతుండగా, కిటికీలు మూసి పొగ పరీక్ష చేయమనండి. చేయనంటే సర్టిఫికెట్ మీద సంతకం పెట్టనివ్వకండి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం స్టవ్ ఉన్న గదిలోనే ఉండాలి. స్టవ్‌కి ఒకటి నుంచి మూడు మీటర్ల దూరంలో. సీలింగ్ మీదైతే గోడకి 30 సెంటీమీటర్ల ఎడంగా. డ్రాయర్‌లో పెట్టుకోవడానికి కాదు కొన్నది.

ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వచ్చి, బయటికెళ్తే తగ్గుతుంటే అది ఫ్లూ అనుకోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

స్టవ్ పెట్టేవాడు హెటాస్ (ఇన్‌స్టాలర్లని నమోదుచేసే సంస్థ) లాంటి స్కీములో రిజిస్టర్ అయి ఉండాలి, లేదా మీరు కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్‌కి ముందే చెప్పాలి. ఇల్లు అమ్మేటప్పుడు పని రూల్స్ ప్రకారం జరిగిందన్న కాగితం అడుగుతారు. ఇన్సూరెన్స్‌వాళ్లు అంతకంటే ముందే అడుగుతారు.

కొత్త ఎస్టేట్ ఇల్లైతే బిల్డర్ పెట్టిన షరతులు చదవండి. కొన్నిటిలో స్టవ్ నిషేధం. అడ్వాన్స్ ఇచ్చాక తెలుసుకుని లాభం లేదు.

చిమ్నీ శుభ్రం చేసేవాడిని ఏడాదికి ఒకసారైనా పిలవండి, రోజూ వాడితే రెండుసార్లు. దీపావళి అయ్యాక ఫోన్ చేస్తే క్రిస్మస్‌కి కూడా దొరకడు.

పెయింట్ వేసిన చెక్క వేయకండి. ప్లైవుడ్, ఎండీఎఫ్, పాత కంచె పలకలు వేయకండి. కొన్ని పాత పలకలకి ఆర్సెనిక్ ఉన్న మందు పట్టించి ఉంటుంది. భోగి రోజున పాత కుర్చీ తెచ్చి స్టవ్‌లో కుక్కకండి. పండగ సెంటిమెంట్‌కి ఒక ఎండు కట్టె చాలు.

బూడిద మూత ఉన్న ఇనప డబ్బాలో, ఇంటి బయట, రాతి నేల మీద. చల్లారినట్టు కనిపించినా మర్నాడు దాకా నిప్పు ఉంటుంది. చెత్త బిన్‌లో వేయకండి.

స్టవ్ పైన టీవీ వద్దు. పక్కన కర్టెన్ వద్దు. బట్టలు ఆరేసే స్టాండ్ వద్దు. చిన్నపిల్లలుంటే గోడకి బిగించే కంచె లేకుండా మొదటి మంట కూడా వద్దు.

గొట్టంలోంచి రైలు వచ్చినట్టు హోరు వినిపిస్తే అంటుకున్నట్టే. గాలి మూయకండని ఇంతసేపు చెప్పాను, మూయాల్సింది ఈ ఒక్కసారే. స్టవ్‌కి ఉన్న గాలి దారులన్నీ మూసి, స్టవ్ తలుపు తీయకుండా, అందర్నీ బయటికి పంపి ఎమర్జెన్సీ నంబర్ 999కి ఫోన్ చేయండి. నీళ్లు పోయకండి.

అలారం మోగితే వంట మధ్యలో ఉన్నా, పూజ మధ్యలో ఉన్నా బయటికి. బ్యాటరీ పీకి మళ్లీ కూర్చోకండి.

గాలి మరీ తగ్గిపోకుండా ఆపే స్క్రూ తీయకండి. తీయమని యూట్యూబ్‌లో చెప్పినా, పక్కింటాయన చెప్పినా తీయకండి. తీయాలనిపిస్తోందంటే మీ స్టవ్ గదికి పెద్దది. దాన్ని అమ్మేసి చిన్నది తెచ్చుకోండి.

సర్వేకి వచ్చినవాడు టేపు బయటికి తీయకుండానే మోడల్ పేరు చెప్తే, టీ ఇచ్చి పంపించేయండి.