బ్యాటరీ పదేపదే దిగిపోతోందా? కొత్తది కొనేముందు కొలిచి చూడండి

బండి స్టార్ట్ కాకపోతే ముందుగా నింద పడేది బ్యాటరీ మీదే. లోపం చార్జింగ్‌లో ఉంటే, కొత్తగా బిగించిన బ్యాటరీ కూడా కొద్దిరోజుల్లోనే పాడవుతుంది. అందుకే మల్టీమీటర్ (వోల్టేజ్, కరెంట్ కొలిచే పరికరం) చేతిలోకి తీసుకోకుండా ఏ భాగమూ కొనకండి. కింది కొలతలు బైకులు, స్కూటర్లలోని 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలకు. లిథియం వాటికి లెక్క వేరు.

సమస్య: సెల్ఫ్ నొక్కితే టిక్‌టిక్‌మంటుంది, ఇంజిన్ తిరగదు

ముందు టెర్మినళ్లు చూడండి. తెల్లటి పొడి పేరుకుంటే శుభ్రం చేసి, స్క్రూలు గట్టిగా బిగించండి. సగం బండ్లు ఇక్కడే బాగవుతాయని నా నమ్మకం. అయినా ఫలితం లేకపోతే బ్యాటరీని పూర్తిగా చార్జ్ చేసి, కొన్ని గంటలు వదిలేసి కొలవండి. 12.6 వోల్టులకు పైన ఉండాలి. సెల్ఫ్ నొక్కినప్పుడు 9.5 కన్నా కిందికి జారితే బ్యాటరీ పని అయిపోయినట్టే. వోల్టేజ్ పెద్దగా తగ్గకుండా శబ్దం మాత్రమే వస్తుంటే రిలే (సెల్ఫ్ మోటార్‌కు కరెంట్ పంపే స్విచ్), కేబుల్ లేదా సెల్ఫ్ మోటార్‌ను అనుమానించాలి.

సమస్య: నడుపుతున్నకొద్దీ బ్యాటరీ దిగిపోతుంది

ఇంజిన్‌ను 5,000 ఆర్‌పీఎం దగ్గర ఉంచి బ్యాటరీ దగ్గర కొలవండి. చాలా బండ్లలో 13.5 నుంచి 14.8 వోల్టుల మధ్య రావాలి. 12 దగ్గరే ఆగిపోతే చార్జింగ్ అందడం లేదు.

ఇంజిన్ ఆపి, స్టేటర్ (ఇంజిన్‌లో కరెంట్ పుట్టించే తీగచుట్టలు) నుంచి రెగ్యులేటర్‌కు (ఆ కరెంట్‌ను బ్యాటరీకి సరిపడేలా మార్చి అదుపులో ఉంచే భాగం) వెళ్లే కనెక్టర్ విప్పండి. ఇక్కడ తొందరపడకండి. ప్లాస్టిక్ గోధుమరంగుకు మారిందా, పిన్ను నల్లబడిందా? వదులైన పిన్ను వేడెక్కి కనెక్టర్‌నే కాల్చేస్తుంది. అప్పుడు మార్చాల్సింది కనెక్టర్‌ను, దాంతోపాటు కాలిన వైరు చివరలను. కనెక్టర్ బాగుంటే, అది విప్పి ఉండగానే ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేసి స్టేటర్ వైపు కొలవండి. మూడు వైర్ల స్టేటర్లలో ఏ రెండు వైర్ల మధ్యనైనా ఏసీ వోల్టేజ్ ఒకేలా ఉండాలి. అది ఎంత రావాలో మీ బండి సర్వీస్ మాన్యువల్ చెబుతుంది. ఒక జతలో తగ్గినా, ఇంజిన్ ఆపి చూసినప్పుడు ఏ వైరుకైనా ఇంజిన్ బాడీతో కంటిన్యుటీ (కరెంట్ పారే దారి) కనిపించినా స్టేటర్ కాలినట్టు. స్టేటర్, వైరింగ్, ఎర్త్ అన్నీ బాగుంటే రెగ్యులేటర్ మార్చండి.

సమస్య: బల్బులు మాడిపోతున్నాయి, బ్యాటరీ వేడెక్కుతోంది

ఇంజిన్ నడుస్తుండగా వోల్టేజ్ 15 దాటుతోందేమో చూడండి. దాటితే సాధారణంగా తప్పు రెగ్యులేటర్‌దే. బాగుచేసేదాకా బండి తీయకండి. అధిక చార్జింగ్‌లో బ్యాటరీ నుంచి వెలువడే హైడ్రోజన్‌కు చిన్న నిప్పురవ్వ చాలు.

సమస్య: ఆపి ఉంచిన బండిలో రెండు రోజులకే బ్యాటరీ ఖాళీ

తాళం ఆపి, నెగటివ్ వైరు తీసి, ఆ వైరుకూ టెర్మినల్‌కూ మధ్య మీటర్‌ను ఆంపియర్ల స్థానంలో కలపండి. కొద్ది మిల్లీఆంపియర్లు మామూలే. పదుల్లో ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ వెళ్లండి. ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో ఆ దారిలోనే లోపం ఉంది. బండి కొన్నాక విడిగా అమర్చుకున్న అలారం, ట్రాకర్, ఫోన్ చార్జర్‌లను ముందు పరీక్షించండి. మీటర్ ఇలా ఉండగా సెల్ఫ్ నొక్కితే మీటర్‌లోని ఫ్యూజు పోతుంది.

బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు ముందు పాజిటివ్.