స్పీకర్ బాక్సు తయారీ – 5వ భాగం: వూఫర్ ఇంపెడెన్స్‌ను అదుపు చేయడం

గత భాగంలో 2,500 హెర్ట్జ్ క్రాసోవర్ (స్వరాలను ఫ్రీక్వెన్సీని బట్టి స్పీకర్లకు పంచే సర్క్యూట్) కోసం 0.51 మిల్లీహెన్రీ కాయిల్‌ను లెక్కకట్టినప్పుడు, వూఫర్ (కింది స్వరాల స్పీకర్) ఇంపెడెన్స్ (ఏసీకి ఎదురయ్యే మొత్తం నిరోధం) ఎప్పుడూ 8 ఓమ్‌లే ఉంటుందని అనుకున్నాం. అయితే స్పీకర్ వెనుక అచ్చువేసే ఆ అంకె నామమాత్రమే. కోన్‌ను కదిలించే వాయిస్ కాయిల్ కూడా తీగచుట్టే కాబట్టి దానికీ ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) ఉంటుంది. ఫ్రీక్వెన్సీ హెచ్చేకొద్దీ ఇంపెడెన్స్ కూడా పెరుగుతుంది.

వూఫర్ డీసీ నిరోధం 6.4 ఓమ్‌లు, ఇండక్టెన్స్ 0.5 మిల్లీహెన్రీ అనుకుందాం. 10,000 హెర్ట్జ్ దగ్గర ఇండక్టెన్స్ ఒక్కటే 31.4 ఓమ్‌లవుతుంది, నిరోధాన్ని కలిపితే (నేరుగా కూడకుండా, రెండింటి వర్గాల మొత్తానికి వర్గమూలం తీస్తే) ఇంపెడెన్స్ సుమారు 32 ఓమ్‌లకు చేరుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది: క్రాసోవర్ కాయిల్, వాయిస్ కాయిల్ దాదాపు ఒకే విలువ గల రెండు ఇండక్టర్లుగా సిరీస్‌లో నిలుస్తాయి కనుక, ఫ్రీక్వెన్సీ ఎంత పెరిగినా వోల్టేజీలో సగం వూఫర్‌కే దక్కుతుంది. 10,000 హెర్ట్జ్ దగ్గర 12 డెసిబెల్స్ తగ్గాల్సింది 6 డెసిబెల్స్ మాత్రమే తగ్గి, ట్వీటర్ (పై స్వరాల స్పీకర్) పలకాల్సిన స్వరాలను వూఫర్ కూడా పలుకుతుంది.

దీనికి విరుగుడు, బెల్ ల్యాబ్స్ ఇంజనీరు ఒట్టో జోబెల్ పేరు మీద వాడుకలో ఉన్న చిన్న సర్క్యూట్. ఒక రెసిస్టర్‌ను, ఒక కెపాసిటర్‌ను సిరీస్‌లో కలిపి, ఆ జతను వూఫర్ టెర్మినళ్లకు సమాంతరంగా, క్రాసోవర్ కాయిల్ తరువాత కలపాలి. కాయిల్‌కు ముందు, ఆంప్లిఫయర్ వైపు కలిపితే క్రాసోవర్‌కు ఏ ప్రయోజనమూ ఉండదు. ఆంప్లిఫయర్ బోర్డు మీద ఔట్‌పుట్ దగ్గర కనిపించే 10 ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్ జతను చూసి ఇది ముందే ఉందిలే అనుకునేవారు ఉన్నారు. దాని పని ఆంప్లిఫయర్ ఆసిలేట్ కాకుండా చూడటం మాత్రమే.

రెసిస్టర్ విలువగా డీసీ నిరోధానికి 1.25 రెట్లు తీసుకోవడం ఆనవాయితీ: 6.4 × 1.25 = 8 ఓమ్‌లు. ఇండక్టెన్స్‌ను ఈ విలువ వర్గంతో భాగిస్తే కెపాసిటర్ విలువ వస్తుంది: 0.0005 ÷ 64, అంటే 7.8 మైక్రోఫారడ్‌లు. విజయవాడ గవర్నర్‌పేటలో కొనేవారు 4.7, 3.3 మైక్రోఫారడ్ నాన్-పోలార్ కెపాసిటర్లు ఒక్కొక్కటి అడిగి సమాంతరంగా కలిపితే 8.0 వస్తుంది, అది చాలు. ప్లస్, మైనస్ గుర్తులుండే మామూలు ఎలక్ట్రోలిటిక్‌ను మాత్రం వాడకూడదు. ఇంట్లో వినే బాక్సుకు 8.2 ఓమ్‌ల 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్ సరిపోతుంది. ఈ జతతో లెక్క ప్రకారం వూఫర్ ఇంపెడెన్స్ 2,500 హెర్ట్జ్ దగ్గరా, 10,000 హెర్ట్జ్ దగ్గరా 8 ఓమ్‌ల చుట్టుపక్కలే ఉంటుంది.

నిజమైన వాయిస్ కాయిల్ లోపల ఇనుప పోల్ ముక్క ఉంటుంది. అందులో పుట్టే ఎడ్డీ కరెంట్ల వల్ల ఇండక్టెన్స్ ఫ్రీక్వెన్సీని బట్టి మారుతుంది. కాబట్టి సూత్రాన్ని తొలి అంచనాగానే తీసుకుని కొలిచి చూడాలి. ఆంప్లిఫయర్ ఔట్‌పుట్‌ను 5 వోల్టుల దగ్గర ఉంచి, 100 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా, ఈ జత కలిపిన వూఫర్‌కు ఇచ్చి, వూఫర్ టెర్మినళ్ల మధ్య వోల్టేజీని 2 వోల్టుల ఏసీ రేంజి ఉన్న మీటరుతో చూడండి. చవక మీటర్లు వెయ్యి హెర్ట్జ్ దాటితే తప్పు చూపవచ్చు గనుక, అదే ఫ్రీక్వెన్సీలో వూఫర్ స్థానంలో 8.2 ఓమ్‌ల రెసిస్టర్‌ను పెట్టి రెండు రీడింగులనూ పోల్చండి. పై ఫ్రీక్వెన్సీల్లో వూఫర్ రీడింగు ఇంకా ఎక్కువగా ఉంటే కెపాసిటర్‌ను కొద్దికొద్దిగా పెంచి చూడండి.

40–80 హెర్ట్జ్ ప్రాంతంలో కనిపించే రెజొనెన్స్ శిఖరం (కోన్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ దగ్గర ఇంపెడెన్స్ ఎగసే చోటు) మీద ఈ జత పనిచేయదు. అంత కింద ఉన్న శిఖరం మన క్రాసోవర్‌ను పెద్దగా కదిలించదు కూడా. ట్వీటర్ శిఖరం సంగతి వేరు, దానిని 6వ భాగంలో చూద్దాం. ఈలోగా 3.2 ఓమ్‌లు, 0.3 మిల్లీహెన్రీ గల కారు స్పీకర్‌కు విలువలు కట్టి చూడండి. 4 ఓమ్‌లు, 18.75 మైక్రోఫారడ్‌లు రావాలి.