బయోడీజిల్ పోసిన ఇంజన్ మొరాయిస్తే ముందు డ్రమ్ము చూడండి

మిర్యాలగూడ రైసు మిల్లుల వైపు తవుడు నూనె, మహబూబ్‌నగర్ వైపు ఆముదం, పొలం గట్ల మీద కానుగ గింజలు, ఏ పట్టణంలోనైనా బజ్జీల బండ్ల దగ్గర మిగిలిన పామాయిల్. మన జిల్లాల్లో బయోడీజిల్‌కు ముడిసరుకు ఒక్కటి కాదు, అందుకే వచ్చే ఇబ్బందులూ ఒక్కలా ఉండవు. ఇంజన్ ఆగగానే అడిటివ్ (ఇంధనంలో కలిపే మందు) సీసా కొనడానికి బయలుదేరేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది. అడిటివ్ మంచి ఇంధనాన్ని కాపాడగలదు కానీ, చెడిపోయినదాన్ని బాగుచేయలేదు.

కింది సూచనలు మెకానికల్ ఇంజెక్షన్ పంపు ఉన్న పాత ట్రాక్టర్లు, నీటి పంపు ఇంజన్లు, జనరేటర్ల కోసమే. కామన్ రైల్ (కంప్యూటర్ అదుపులో ఇంధనం చల్లే) ఇంజన్లలో, బీఎస్-6 కాలుష్య ప్రమాణాల వాహనాల్లో కంపెనీ అనుమతించిన శాతం దాటి పోయవద్దు. ఇంటి దగ్గర తయారైన సరుకైతే చుక్క కూడా వద్దు.

మొదలుపెట్టిన కొద్ది రోజులకే లోడ్ మీద ఆగిపోతోంది

బయోడీజిల్‌కు మురికిని కరిగించే గుణం ఉంది. ఏళ్ల తరబడి ట్యాంకు గోడలకు అంటుకున్న డీజిల్ మడ్డిని ఊడదీసి ఫిల్టర్‌కు చేరుస్తుంది. ట్యాంకు అడుగు మడ్డి దించేసి, ఫిల్టర్ మార్చి, లైనులో చేరిన గాలి తీసేయండి. మొదట డీజిల్‌లో 5 శాతం కలిపి, ఇంజన్ అలవాటు పడ్డాక మెల్లగా 20 శాతానికి వెళ్తే ఈ బాధ తక్కువ. కడిగిన ట్యాంకులోనూ కొత్త ఫిల్టర్ త్వరగా మూసుకుపోతే, తప్పు ట్యాంకుది కాదు, మీరు పోస్తున్న ఇంధనానిదే.

చలికాలం తెల్లవారుజామున స్టార్ట్ కాదు, ఎండెక్కాక మామూలే

ఇది ఎక్కువగా పామాయిల్ నుంచి చేసిన బయోడీజిల్‌లో కనిపిస్తుంది. అందులోని సంతృప్త కొవ్వులు 13 నుంచి 16 డిగ్రీల మధ్యే మబ్బుగా మారి పేరుకుంటాయి. మన డిసెంబరు, జనవరి తెల్లవారుజాములకు ఆ చలి చాలు. గాజు సీసాలో కొంచెం పోసి రాత్రి ఆరుబయట ఉంచితే తెల్లారేసరికి సంగతి తెలుస్తుంది. మసకబారితే చలి తగ్గేదాకా 10 శాతం మించి కలపవద్దు. చలికి గడ్డకట్టకుండా చేసే అడిటివ్‌ను ఇంధనం వెచ్చగా, తేటగా ఉన్నప్పుడే కలపాలి. అప్పటికే పేరుకున్న గడ్డను అది కరిగించదు. ఫిల్టర్ మీద వేడినీళ్లలో తడిపిన గుడ్డ వేయండి. మంట మాత్రం దగ్గరకు తేవద్దు.

తెల్ల పొగ, నాజిల్ నిండా గట్టి మసి

అసలు దెబ్బ తగిలేది ఇక్కడే. చాలాసార్లు ఆ డ్రమ్ములో ఉన్నది బయోడీజిల్ కాదు, వడకట్టిన నూనె, లేదా సగం మారిన నూనె. 40 డిగ్రీల దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్. మామూలు వంటనూనెలది 30 పైమాటే, ఆముదానిది 200 దాటుతుంది. అంత చిక్కటి నూనెను నాజిల్ సన్నటి తుంపరగా చల్లలేదు. పూర్తిగా మండని బొట్లు మసిగా, జిగురుగా మారి నాజిల్ కొనను, పిస్టన్ రింగులను పట్టుకుంటాయి.

నూనె బయోడీజిల్ కావాలంటే మిథనాల్‌తో, క్షారంతో చర్య జరిపి గ్లిసరిన్‌ను వేరుచేసి, కడిగి, ఆరబెట్టాలి. చర్య పూర్తయిందా అన్నదానికి ఒక పరీక్ష ఉంది. సుమారు 20 డిగ్రీల దగ్గర 27 మిల్లీలీటర్ల మిథనాల్‌లో 3 మిల్లీలీటర్ల బయోడీజిల్ కలిపి వదిలేయండి. తేటగా ఉంటే సరే, అడుగున నూనె చేరితే మారని నూనె మిగిలినట్టు. మిథనాల్ విషం, చూపు తీస్తుంది, ఇట్టే అంటుకుంటుంది. చేతులకు తొడుగులు వేసుకుని, గాలి ఆడేచోటే చేయండి. ఆముదం సరుకుకు ఈ పరీక్ష పనికిరాదు, ఎందుకంటే మారని ఆముదం కూడా మిథనాల్‌లో కరిగిపోతుంది.

పూర్తిగా మారినా ఆముదం బయోడీజిల్ చిక్కగానే ఉంటుంది, 15 సెంటీస్టోక్స్ దరిదాపుల్లో. దాన్ని 10 శాతానికి మించనివ్వవద్దు. ఆముదం పండే నేల మీద ఈ మాట రుచించకపోవచ్చు, కానీ ఇంజన్‌కు పంట మీద అభిమానం ఉండదు.

తవుడు నూనెది వేరే తంటా. వడ్లు మరపట్టగానే తవుడులోని ఎంజైము నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది, ఆమ్లం పెరుగుతుంది. అలాంటి నూనెలో నేరుగా క్షారం వేస్తే సబ్బు తయారవుతుంది. సీసాలో సగం నీళ్లు, సగం బయోడీజిల్ పోసి ఊపండి. అరగంటలో విడిపోకుండా పాలలా నిలిస్తే అందులో సబ్బు ఉన్నట్టే. ఆ సరుకును తిప్పి పంపండి. ముందు ఆమ్ల చర్య జరిపి, తర్వాత క్షారం వాడే ప్లాంటు నుంచే తవుడు బయోడీజిల్ తీసుకోవాలి.

పొగ తగ్గుతుందని సీటేన్ (ఇంధనం ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే కొలత) పెంచే మందు అమ్ముతారు. సరిగ్గా చేసిన బయోడీజిల్‌కు సీటేన్ విలువ సహజంగానే ఎక్కువ. ఆ డబ్బు నాజిల్ టెస్టింగ్‌కు పెట్టండి.

డిప్‌స్టిక్ మీద ఇంజన్ ఆయిల్ మట్టం పెరుగుతోంది

కారే నాజిల్ నుంచి ఇంధనం సిలిండర్ గోడల వెంట ఆయిల్ చాంబర్‌లోకి దిగుతోంది. డీజిల్‌లోని తేలిక భాగాలైతే వేడికి ఆవిరవుతాయి, బయోడీజిల్ అక్కడే ఉండిపోయి క్రమంగా ఆయిల్‌ను పలుచబరుస్తుంది. నాజిల్ సరిచేసి ఆయిల్ వెంటనే మార్చండి. ఇకపై కంపెనీ చెప్పిన గంటల్లో సగానికే మార్చడం మేలు.

హోస్ పైపు ఉబ్బి చెమరుస్తోంది

సహజ రబ్బరు, నైట్రైల్ పైపులు బయోడీజిల్‌కు నిలవవు. విటాన్ (ఇంధనానికి తట్టుకునే ప్రత్యేక రబ్బరు) రకం పైపులు, ఓ-రింగులు వేయించండి.

డ్రమ్ములో పుల్లటి వాసన, నల్లటి జిగురు

నల్గొండ ఎండలో డ్రమ్ము బయట పెడితే ఇంధనం గాలితో కలిసి పులుస్తుంది. రాగి, ఇత్తడి, జింకు తగిలితే ఇంకా త్వరగా. టీబీహెచ్‌క్యూ లాంటి యాంటీ ఆక్సిడెంట్‌ను (పులవకుండా ఆపే మందును) తయారైన రోజే కలపాలి. పులిసాక పోస్తే వృథా, ఆ సరుకు ఇంజన్‌కు పనికిరాదు. నీడలో, మూత బిగించి, నిండుగా ఉంచి, మూడు నాలుగు నెలల్లో వాడేయండి.

నల్లటి జిగురు కనిపిస్తే అడుగున నీరు చేరి సూక్ష్మజీవులు పెరిగాయని అర్థం. ముందు నీరు దించేసి, తర్వాత బయోసైడ్ (సూక్ష్మజీవులను చంపే మందు) వేయాలి. చచ్చిన జిగురంతా ఫిల్టర్‌కే వస్తుంది కాబట్టి డ్రమ్ము కడిగి, ఇంధనం వడకట్టి, మార్చడానికి ఒక ఫిల్టర్ చేతిలో ఉంచుకున్నాకే ఇంజన్ తిప్పండి.